తీరంలో తాజా చేప కొని, ఆ పూటే వండుకు తినడం ఎలా?

విశాఖ, కాకినాడ, బందరు, బాపట్ల వైపు వెళ్లేవాళ్లంతా అడిగే ప్రశ్నలు ఇవే: తాజా చేప ఎక్కడ దొరుకుతుంది, తాజాదని ఎలా తెలుస్తుంది, తెచ్చాక పాడవకుండా ఎలా వండాలి? చాలామంది ఇంట్లోనే "ఇవాళ వంజరం వేపుడు" అని ఖాయం చేసుకుని బజారుకు బయల్దేరతారు. అక్కడ ఆ రోజు మంచి వంజరం లేకపోయినా, ఐసులో నాలుగు రోజులు నానినదాన్నే ఎక్కువ ధర పెట్టి తెచ్చుకుంటారు. ఈ పద్ధతిని తిరగేయండి. ఒడ్డుకు ఏం వచ్చిందో, అందులో ఏది బాగుందో చూసి ముందు చేప కొనండి. వంట తర్వాత తేల్చుకోవచ్చు. పాతబడిన వంజరం కంటే ఇవాళ పొద్దున పడిన కవళ్లు (సార్డిన్ అనే చిన్న చేపలు) ఎంతో రుచి, ధర కూడా తక్కువ.

కావలసినవి

మూత గట్టిగా పట్టే థర్మాకోల్ పెట్టె లేదా ఐస్ బాక్సు ఒకటి. చేపల బరువుకు సమానంగా చితక్కొట్టిన ఐసు. రేవు దగ్గరే అమ్ముతారు. మందపాటి ప్లాస్టిక్ సంచులు నాలుగైదు. తెల్లని గుడ్డ ముక్క లేదా కాగితపు రుమాలు, ఇది ఎందుకో కింద చెబుతాం. చిల్లర నోట్లు. రేవుల్లో ఫోన్ చెల్లింపులు నడుస్తున్నాయి గానీ, తెల్లవారుజామున గంపల దగ్గర నగదు ఉంటేనే పని త్వరగా అవుతుంది. వంటకు వెడల్పాటి, లోతు తక్కువ ఉన్న గిన్నె, వీలైతే మట్టిది. రాళ్లుప్పు, పసుపు, చింతపండు ముందే సిద్ధంగా పెట్టుకోండి. చేప ఇంటికొచ్చాక వాటి కోసం దుకాణానికి పరుగెత్తితే ఆ గంట చేప మీదే పడుతుంది.

1. రోజు, వేళ చూసుకోండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లు, మోటారు బోట్లు సముద్రంలో వేటాడకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. తెడ్డుతో, తెరచాపతో నడిచే తెప్పలకు మినహాయింపు ఉంది కాబట్టి ఒడ్డుకు దగ్గర్లో పడే చిన్న చేపలు కొద్దిగా దొరుకుతాయి. ఆ రోజుల్లో పెద్ద వంజరం, పెద్ద చందువా గుట్టలుగా కనిపిస్తే అవి ఎక్కడివో అడగండి. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలవదు. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో అటు సరుకు ఐసులో ఇటు వచ్చే వీలుంది. అది తినకూడదని కాదు, "ఇవాళ్టిది" అనే ధర మాత్రం ఇవ్వకండి.

నిషేధం రోజుల్లో వెళ్తే సముద్రపు చేప మీద పట్టుదల వదిలేయండి. చెరువు రొయ్యలు, కాలువల్లో, మడ అడవుల్లో పట్టిన మండ పీతలు, ప్రాణంతో ఉన్న కొరమీను, భీమవరం, కైకలూరు వైపు నుంచి వచ్చే శీలావతి, బొచ్చె ఉంటాయి. మంచి ఎండు నెత్తళ్లకు, ఎండు రొయ్యలకు కూడా ఆ ఎండలే సరైనవి.

తుపాను హెచ్చరిక ఉంటే బోట్లు కదలవు. అక్టోబరు, నవంబరులో ప్రయాణం పెట్టుకుంటే ముందు రెండు రోజుల వాతావరణం చూడండి. హెచ్చరిక ఎత్తేసిన మర్నాడే రేవుకు వెళ్తే పాత సరుకే మిగిలి ఉంటుంది. ఇంకొక రోజు ఆగండి. ఇక ఆదివారం ధర ఎక్కువ, చూసి ఎంచుకునే తీరిక తక్కువ. మామూలు రోజున, తెల్లవారుజామున 5 నుంచి 7 లోపు వెళ్లడం మేలు.

2. హార్బరా, ఒడ్డా?

చాలామందికి తెలియని తేడా ఇది. పెద్ద ఫిషింగ్ హార్బరులో కనిపించే మరబోట్లు చాలావరకు ఒక్క రోజు వేట చేసేవి కావు. పది, పదిహేను రోజులు సముద్రంలో ఉండి, పట్టింది పట్టినట్టు ఐసులో వేసుకుని వస్తాయి. బోటు ఇవాళ వచ్చినంత మాత్రాన చేప ఇవాళ్టిది కాదు. చివరి ఒకటి రెండు రోజుల్లో పట్టింది విడిగా, పైఅరల్లో ఉంటుంది. "ఆఖరి వలది ఏది?" అని అడగండి. మీకు సంగతి తెలుసని గ్రహిస్తే సరైన గంప చూపించే అవకాశం ఎక్కువ.

అదే ఫైబర్ బోట్లు, తెప్పలు రాత్రి వెళ్లి పొద్దున్నే ఒడ్డుకు వచ్చేస్తాయి. భీమిలి, పూడిమడక, ఉప్పాడ, చీరాల వాడరేవు లాంటి చోట్ల ఇసుక మీదే వల దులుపుతుంటారు. రకాలు తక్కువ, చేప చిన్నది, కానీ పట్టి కొన్ని గంటలే అయి ఉంటుంది. రకం, సైజు కావాలంటే హార్బరుకు వెళ్లండి. తాజాదనమే ముఖ్యమైతే ఒడ్డుకే.

వేలంపాటలో గంప గంపగా పాడతారు. అందులో మీరు దిగకండి. బరువు అంచనా తెలియకుండా పాడితే నష్టం. పాట అయ్యాక, అక్కడే గంప దించుకుని చిల్లరగా అమ్మే ఆడవాళ్ల దగ్గర కొనండి. "అక్కా, మీ ఇంటికైతే ఇందులో ఏది తీసుకెళ్తారు?" అని అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు ఆ గంపలో అన్నిటికంటే చవకైన చేప, అన్నిటికంటే రుచైనది.

3. తాజాదనం పరీక్షించండి

ఒక్క గుర్తు చూసి నిర్ణయించకండి. కనీసం మూడు గుర్తులు ఒకే మాట చెప్పాలి.

మొప్పలు: వేలితో మొప్ప మూత ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా, పోగులు విడివిడిగా ఉండాలి. గోధుమ రంగు, బూడిద రంగు, జిగురు సాగుతూ ఉంటే వద్దు. రంగు పూశారన్న అనుమానం వస్తే తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. నెత్తురైతే పలచగా, గోధుమ ఛాయతో అంటుతుంది. గుడ్డంతా ఒకే గాఢమైన ఎరుపో గులాబీ రంగో అయితే ఆ గంప వదిలేయండి.

కన్ను: ఉబ్బెత్తుగా, మెరుస్తూ, నల్లగుడ్డు స్పష్టంగా ఉండాలి. అయితే ఐసు నేరుగా తగిలితే తాజా చేప కన్ను కూడా మసకబారుతుంది. లోపలికి గుంట పడిన కన్ను మాత్రం పాతదే.

కండ: వెన్ను దగ్గర బొటనవేలితో నొక్కి వదలండి. గుంట వెంటనే పూడాలి. వేలిముద్ర మిగిలిందంటే కండ మెత్తబడింది.

పొట్ట: అన్నిటికంటే ముందు పాడయ్యేది ఇదే, ఎందుకంటే పేగుల్లోని రసాలు చుట్టూ ఉన్న కండను కరిగిస్తాయి. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు కొనేటప్పుడు కన్ను కంటే పొట్టే ముఖ్యం. పొట్ట పగిలి, పేగులు బయటికి వచ్చినవి గంపలో నాలుగో వంతు ఉంటే ఆ గంపే వద్దు.

వాసన: తాజా చేపకు సముద్రపు నీటి వాసన, పచ్చి నాచు వాసన ఉంటుంది, నీచు కొట్టదు. ముక్కు ఘాటెక్కితే పాడైందని అర్థం. సొరకు, టేకు చేపకు ఈ లెక్క వేరు. వాటి ఒంట్లోనే యూరియా ఎక్కువ కాబట్టి కొద్ది గంటలకే ఘాటు మొదలవుతుంది. ఒడ్డు దగ్గర కాక ఇంకెక్కడా వాటిని కొనకండి.

మరో హెచ్చరిక. కండ కర్రలా బిగుసుకుని ఉంది, కన్ను మాత్రం గుంట పడింది, మొప్ప పాలిపోయింది, వాసనేమీ లేదు. ఇలా గుర్తులు ఒకదానికొకటి పొసగకపోతే, కుళ్లకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలిపారని అనుమానించాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనికోసం కాగితపు పట్టీల పరీక్ష కిట్ తయారుచేసింది. అది చేతిలో లేకపోతే అనుమానం చాలు, కొనకండి. కడిగితే, ఉడికిస్తే పోతుందని ధైర్యం చేయవద్దు.

రొయ్యలు: తల ఒంటికి గట్టిగా పట్టి ఉండాలి. తల వేలాడుతున్నా, తలకూ ఒంటికీ మధ్య నల్ల చారలు వచ్చినా పాతవి. పెంకు మెరవాలి, జిగురు ఉండకూడదు. బజారులో దొరికేవి ఎక్కువగా చెరువుల్లో పెంచిన వెన్నామి రొయ్యలే. తాజాగా ఉంటే అవీ మంచివే. "30 కౌంటు" అంటే కిలోకు 30 తూగుతాయని. ఇగురుకు 50, 60 కౌంటు చాలు, వేపుడుకు 30 కౌంటు బాగుంటుంది. తల, పెంకు తీశాక సుమారుగా సగం బరువే మిగులుతుందని లెక్కలో పెట్టుకోండి.

పీతలు: ప్రాణంతో ఉన్నవే కొనండి. చచ్చిన పీత కండ గంటల్లో చెడిపోతుంది, బయటికి తెలియదు. రెండు పీతలు ఒకే సైజులో ఉంటే బరువైనది తీసుకోండి. పెంకు విడిచి కొత్త పెంకు కట్టుకుంటున్న పీత లోపల నీళ్లే ఉంటాయి, అది చేతికి తేలిగ్గా తగులుతుంది. కడుపు వైపు తిప్పి, పెంకు అంచున నొక్కితే లోపలికి దిగకూడదు. కడుపు మడత సన్నగా, కోసుగా ఉంటే మగది, కండ ఎక్కువ. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది, లోపల నారింజ రంగు గుడ్డు ఉండవచ్చు. మడత బయట గుత్తిగా గుడ్లు మోస్తున్న పీతను మాత్రం దయచేసి కొనకండి. అరచేయంత కూడా లేని వంజరం, చందువా పిల్లల విషయంలోనూ అంతే. కొనేవాళ్లు ఉన్నంతకాలం అవి వలలోంచి తిరిగి నీళ్లలోకి వెళ్లవు.

పులస సంగతి. గోదావరికి వరద నీరు వచ్చే జులై నుంచి సెప్టెంబరు వరకు, సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే ఇలసనే పులస అంటారు. ధర వేలల్లో ఉంటుంది కాబట్టి ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన ఇలసను పులసగా అంటగట్టడం మామూలే. ఆ నెలలు కాకపోతే పులస అన్న మాటే నమ్మకండి. ఆ నెలల్లోనైనా యానాం, ధవళేశ్వరం వైపు వల తీస్తున్నవాళ్ల దగ్గర, తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని కొనండి. అలా కుదరకపోతే, ఇలస ధరకే ఇలస కొనుక్కుని పులస పద్ధతిలో వండుకోండి. ఎంతో బాగుంటుంది.

4. తూకం, కోత

ధర మాట్లాడేటప్పుడే మూడు సంగతులు తేల్చుకోండి: తూకం కోయకముందా, కోశాకా? కోత కూలి ధరలో కలిసిందా, విడిగానా? తల, జన (చేప గుడ్లు) మీకే ఇస్తారా? నలుగురు పెద్దవాళ్లకు పులుసుకైతే కిలో చేప సరిపోతుంది. కోసి కడిగితే ముప్పావు కిలో దాకా ముక్కలు వస్తాయి.

కోతకు ఇచ్చేటప్పుడు వంట ఏదో చెప్పాలి. పులుసు ముక్క మందం ఒక అంగుళం, వేపుడు ముక్క అర అంగుళం. పులుసు ముక్క పలచగా కోయిస్తే గిన్నెలో విరిగి ముద్దవుతుంది. వేపుడు ముక్క మందంగా ఉంటే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. తల నిలువునా రెండుగా చీల్పించండి, మొప్పలు పూర్తిగా తీయించండి. మొప్ప మిగిలితే పులుసంతా చేదు, నీచు. పేగులు తీసేటప్పుడు ఆకుపచ్చ చేదు తిత్తి పగలకూడదు. పగిలితే ఆ మరక పడిన చోట వెంటనే ఉప్పు రుద్ది కడగాలి, మరక పోకపోతే ఆ మేర కోసి పారేయాలి. చందువా, కానాగంత లాంటివి వేపుడుకు నిండుగా ఉంచి, రెండు వైపులా మూడేసి గాట్లు పెట్టిస్తే చాలు.

5. ఐసులో పెట్టండి

పెట్టె అడుగున నాలుగు వేళ్ల మందం ఐసు, దాని మీద సంచిలో చుట్టిన చేప, పైన మళ్లీ ఐసు. సంచి మూతి గట్టిగా కట్టాలి; ఐసు కరిగిన నీళ్లలో ముక్కలు నానితే రుచంతా ఆ నీళ్లలోకి పోతుంది. రెండు మూడు గంటలకోసారి నీళ్లు ఒంపేసి ఐసు నింపండి. ఐసు లేకుండా కారు డిక్కీలో గంట పెడితే, ఇంత తెల్లవారుజామున లేచి వెళ్లిన శ్రమంతా వృథా.

కానాగంతలు, తూర (ట్యూనా) విషయంలో ఇంకా జాగ్రత్త. ఇవి వేడిలో ఉంటే కండలో హిస్టమిన్ తయారవుతుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఎంత ఉడికించినా అది పోదు, వాసనతో ముందుగా తెలియకపోవచ్చు కూడా. పట్టినప్పటి నుంచి చల్లగా ఉంచడం ఒక్కటే మార్గం. దూరం తీసుకెళ్లాలంటే ఈ రెండూ వద్దు. పండుగప్ప నయం.

6. ఇంటికొచ్చాక కడగడం

కిలో ముక్కలకు ఒక గుప్పెడు రాళ్లుప్పు, ఒక చెంచా పసుపు వేసి మెత్తగా రుద్దండి. మూడు నీళ్లు మారుస్తూ కడగండి. పొట్ట లోపల నల్లని పొర ఉంటే వేలితో గీకి తీయండి, నీచు వాసనకు సగం కారణం అదే. వెన్నెముక పొడుగునా ఉండే నెత్తురు గడ్డ కూడా తీసేయాలి. చివర్లో ఒక నిమ్మచెక్క పిండి కడిగితే చాలు. నీళ్లలో నానబెట్టకండి. కడిగాక చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచి నీళ్లు కారనివ్వండి.

7. ఏ చేపకు ఏ వంట

కొవ్వు ఎక్కువున్న చిన్న చేప, అంటే కవళ్లు, కానాగంతలు, పులుపు బాగా పట్టే చిక్కటి పులుసుకు, పెనం మీద వేపుడుకు సరిపోతాయి. వంజరాన్నే విశాఖ వైపు కోనెం అంటారు. ముల్లు తక్కువ, కండ గట్టిది, వేపుడుకూ పులుసుకూ తిరుగులేనిది. చందువా కండ మెత్తన, రుచి సున్నితం. దాన్ని మసాలాలో ముంచేయకుండా ఉప్పు, కారం, నిమ్మరసంతో వేయించండి. నెత్తళ్లు తల గిల్లి, కరకరలాడేలా వేపుడు. మామిడికాయ దొరికితే ఇగురు. సొరను ఉడికించి, తోలు తీసి, చిదిమి పుట్టు చేస్తారు. గులివిందలు ముల్లున్నా వేపుడుకు చాలా రుచి. రొయ్యలకు జతలు అనేకం: చింతచిగురు దొరికే వేసవిలో చింతచిగురు, మిగతా రోజుల్లో గోంగూర, బీరకాయ.

8. చేపల పులుసు, కిలోకు కొలతలు

చింతపండు 50 గ్రాములు, నూనె 6 పెద్ద చెంచాలు, పెద్ద ఉల్లిపాయలు 3, పచ్చిమిర్చి 6, అల్లం వెల్లుల్లి ముద్ద 1 పెద్ద చెంచా, కారం 2½ నుంచి 3 పెద్ద చెంచాలు, పసుపు అర చిన్న చెంచా, ఉప్పు మొత్తం 3½ చిన్న చెంచాలు. ధనియాలు 1 పెద్ద చెంచా, జీలకర్ర 1 చిన్న చెంచా, మెంతులు పావు చిన్న చెంచా, ఈ మూడూ దోరగా వేయించి పొడి చేయాలి. కరివేపాకు, కొత్తిమీర. మెంతులు ఎక్కువైతే పులుసు చేదెక్కుతుంది, కొలత దాటకండి.

అ) ముక్కలకు 1½ చిన్న చెంచాల ఉప్పు, పసుపు, ఒక పెద్ద చెంచా కారం పట్టించి 20 నిమిషాలు ఉంచండి. చింతపండు వేడినీళ్లలో నానబెట్టి, 600 మిల్లీలీటర్ల రసం తీయండి.

ఆ) వెడల్పు గిన్నెలో నూనె కాచి, సన్నగా తరిగిన ఉల్లి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు వేసి ఉల్లి బంగారు రంగు వచ్చేదాకా మధ్య మంట మీద వేయించండి. 10 నుంచి 12 నిమిషాలు పడుతుంది. ఇక్కడ తొందరపడితే పులుసు పలచగా, ఉల్లి విడిగా తేలుతూ ఉంటుంది.

ఇ) అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక మంట తగ్గించి మిగిలిన కారం వేసి అరనిమిషం కలపండి. వెంటనే చింతపండు రసం, మిగిలిన ఉప్పు. కారం నూనెలో మాడితే పులుసు నల్లబడుతుంది.

ఈ) రసాన్ని 12 నుంచి 15 నిమిషాలు తెర్లనివ్వండి. నూనె అంచులకు చేరి, పచ్చి పులుపు వాసన పోవాలి. ముక్కలు వేయకముందే రుచి చూసి సరిచేయండి. ఈ దశలో పులుసు ఉప్పూ పులుపూ కాస్త ముందుకు ఉండాలి, ముక్కలు వేశాక సర్దుకుంటుంది.

ఉ) ముక్కలు ఒకే వరసగా పేర్చండి. ముందు తల ముక్కలు, నాలుగు నిమిషాల తర్వాత మిగతావి. గరిటె పెట్టకండి. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పండి. మధ్య మంట మీద మొత్తం 10 నుంచి 12 నిమిషాలు. చిన్న కవళ్లకు 6, 7 నిమిషాలే.

ఊ) చివరి మూడు నిమిషాల్లో వేయించిన పొడి, కొత్తిమీర వేసి దించండి.

ఉడికిందో లేదో చూడాలంటే మందపాటి ముక్క మధ్యలో వెన్నుముల్లు దగ్గర చెంచా మొనతో కదపండి. కండ తెల్లగా, ముల్లు నుంచి సులువుగా విడిపోవాలి. గాజులా మెరుస్తూ ముల్లుకు అంటుకుని ఉంటే ఇంకో రెండు నిమిషాలు.

దించిన వెంటనే వడ్డించకండి. కనీసం రెండు గంటలు ఆగితే ఉప్పు, పులుపు, కారం ముక్క లోపలికి దిగుతాయి. మర్నాటి పులుసు ఇంకా రుచి. పాత రోజుల్లో మట్టి కుండలో బయటే ఉంచేవారు. ఇప్పటి ఎండలకు మాత్రం, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు తెర్లేలా వేడిచేయడం క్షేమం.

నెల్లూరు పద్ధతి కావాలంటే చింతపండు సగానికి తగ్గించి, ఒక పుల్ల మామిడికాయ పెద్ద ముక్కలుగా కోసి, చేప ముక్కలతో పాటే వేయండి. ముందే వేస్తే కరిగిపోతుంది. గోదావరి వైపు పులసకు, ఇలసకు బెండకాయలు, చీల్చిన పచ్చిమిర్చి ఎక్కువగా వేసి, సన్నని సెగ మీద ఇంకా ఎక్కువసేపు ఉడికిస్తారు. ఆ చేపలో నూనె ఎక్కువ కాబట్టి పోసే నూనె తగ్గించవచ్చు.

9. వేపుడు, రొయ్యల ఇగురు

అర కిలో వేపుడు ముక్కలకు కారం 1½ పెద్ద చెంచాలు, ఉప్పు 1 చిన్న చెంచా కంటే తక్కువ, పసుపు చిటికెడు, అల్లం వెల్లుల్లి ముద్ద 1 పెద్ద చెంచా, అర నిమ్మచెక్క రసం, బియ్యప్పిండి 1 చిన్న చెంచా. ముక్కలను ముందు గుడ్డతో పొడిగా ఒత్తాలి. పట్టించి అరగంట ఉంచండి, గంట దాటవద్దు. నిమ్మరసంలో ఎక్కువసేపు ఉంటే కండ పిండిలా పొడిపొడిగా అవుతుంది. ఇనుప పెనం బాగా కాగాక నూనె వేసి, ముక్కలు దూరం దూరంగా పెట్టి, వైపుకు 3, 4 నిమిషాలు. తిప్పబోతే అంటుకుందంటే ఇంకా వేళ కాలేదు. అడుగు వేగితే ముక్క దానంతట అదే వదులుతుంది. పెనం నింపేస్తే వేడి తగ్గి, ముక్కలు వేగడం మాని తమ నీళ్లలోనే ఉడుకుతాయి.

రొయ్యలకు వెన్ను మీది నల్లని నరం తప్పక తీయండి, లేకపోతే ఇసుక తగులుతుంది. ఉప్పు, పసుపు వేసి ఖాళీ మూకుట్లో రెండు నిమిషాలు వేడిచేస్తే నీళ్లు వదులుతాయి. రొయ్యలు తీసి పక్కన పెట్టండి, ఆ నీళ్లు పారేయకండి. రుచంతా అందులోనే ఉంది. ఉల్లి మసాలా పూర్తిగా వేగాక ఆ నీళ్లు పోసి ఇగిరించి, చివర్లో రొయ్యలు వేసి 3 నిమిషాలు. అర్ధచంద్రంలా వంగితే చాలు. గుండ్రంగా చుట్టుకుపోయాయంటే ఎక్కువైంది, రబ్బరులా సాగుతాయి.

తరచూ వచ్చే ఇబ్బందులు

పులుసు నీచు వాసన: మొప్పో, నల్లపొరో, నెత్తురు గడ్డో మిగిలింది, లేదా పాత చేప. మసాలా పెంచితే పోదు.

ముక్కలు చిదిరిపోయాయి: గరిటె పెట్టారు, పలచగా కోయించారు, లేదా కండ మెత్తబడ్డ చేప కొన్నారు. మొదటి రెండూ కాకపోతే మూడోదే.

పులుపు ఎక్కువైంది: నీళ్లు పోయకండి, చప్పబడుతుంది. చిన్న బెల్లం ముక్క, అర చెంచా కారం వేసి రెండు నిమిషాలు తెర్లించండి.

పులుసు పలచన: ముక్కలు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, రసాన్ని మాత్రమే మరిగించి చిక్కబరచండి. ముక్కలతో మరిగిస్తే అవి ఎండిపోతాయి.

వండుకునే వీలు లేకపోతే

తీరం ఊళ్లలో మీరు కొని తెచ్చిన చేపను వండిపెట్టే చిన్న హోటళ్లు, దుకాణాలు దొరుకుతాయి. చేప ఇచ్చేముందే కూలి ఎంత, నూనె, మసాలా అందులోనేనా అని అడగండి. ముక్కలు వాళ్ల ముందే లెక్కపెట్టి ఇవ్వండి. మెస్సుకు వెళ్తే పట్టిక చూడకుండా "ఇవాళ ఏం వచ్చింది?" అని అడగండి. ఏ కాలంలోనైనా అన్ని రకాలూ ఉన్నాయంటే అవి ఐసు పెట్టెలోంచి వచ్చేవే. పులుసు నిన్నటిదైనా, సరిగా దాచి ఉంటే అభ్యంతరం లేదు. వేపుడు మాత్రం మీరు అడిగాక పెనం మీద వేయాలి. వేయించి పెట్టి, మళ్లీ నూనెలో వేడిచేసినదైతే అంచులు గట్టిగా, లోపల పొడిగా ఉంటుంది.

రొయ్య, పీత పడనివాళ్లు అదే నూనెలో వేయించిన చేప కూడా తినకూడదు, ఆర్డరు ఇచ్చేముందే చెప్పండి. పిల్లలకు వంజరం, చందువా, పండుగప్ప ముక్కలు పెట్టండి. కవళ్లు, ఇలస వద్దు. ముల్లు గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించకండి, ముల్లు ఇంకా లోతుకు దిగుతుంది. నీళ్లు తాగి, మెల్లగా దగ్గి చూసి, పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, నెత్తురు పడినా ఆ కాసేపు కూడా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి.